సఖినేటిపల్లి రేవులో వంతెన కడితే టోల్ పెడతారంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా?

లేసు_దారం:

అందరికీ నమస్కారం అండి. మాది సఖినేటిపల్లి పక్కన ఊరు. పదకొండేళ్ల నుంచి లేసు పని చేయిస్తున్నాను. మా ఊళ్లోనూ పక్క రెండు ఊళ్లలోనూ కలిపి ముప్పై నలుగురు ఆడవాళ్లు అల్లుతారు. నేను వాళ్లకు దారం ఇచ్చి, అల్లినవి పోగుచేసి, వారానికి రెండుసార్లు స్కూటీతో పంటు (బండ్లను కూడా ఎక్కించుకునే పడవ) మీద దాటి నరసాపురం పట్టుకెళ్తాను.

మా రేవు తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. వశిష్ఠ గోదావరికి ఇవతల మేము, అవతల నరసాపురం. రైలు అక్కడ, ఆసుపత్రులు అక్కడ, పిల్లల కాలేజీలు అక్కడ. రేవులో నుంచుంటే అవతలి గట్టు మీద మనుషులు కనిపిస్తారు. పంటు లేకపోతే మాత్రం దిండి–చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చుట్టూ తిరిగి వెళ్లాలి, గంట పైమాటే. గోదావరికి వరదొస్తే పంటు కట్టేస్తారు. అంతర్వేది తీర్థానికి పంటు ఎక్కాలంటే చంటిపిల్లలతో ఎండలో క్యూ. నా తోడికోడలికి రాత్రి పదకొండింటికి నొప్పులొస్తే చించినాడ తిప్పి తీసుకెళ్లాం. పాలకొల్లు చేరేలోపు కారులోనే కాన్పు అయిపోతుందని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం.

మా అమ్మమ్మ కాలం నుంచీ ఇక్కడ వంతెన వస్తుందనే మాట వింటున్నాం. ఇప్పుడు రేవులో ఇంకో మాట నడుస్తోంది. వంతెన కడితే ఊరికే కట్టరు, టోల్ పెట్టి కడతారు అని. కాగితం మీద ఏమీ లేదు, నేనేమీ చూడలేదు. కానీ ఊరు అప్పుడే రెండుగా చీలింది. కొబ్బరికాయల లారీలవాళ్లు "ఎంతైనా కడతాం, ముందు వంతెన రానివ్వండి" అంటున్నారు. ఆటో నడిపే మా మరిది "రోజుకు ఆరు ట్రిప్పులు వేసేవాడిని, నా గతేంటి వదినా" అంటున్నాడు. మా మామయ్యగారి మాట ఇంకోలా ఉంది: "రేవు వేలంపాట పాడినోడికి తరతరాలుగా కడుతూనే ఉన్నాం కదే అమ్మాయ్. రేపు టోల్ వాడికి కడతాం. తేడా ఏముంది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నా లెక్కల పుస్తకంలో దారానికి ఒక గడి, కూలికి ఒక గడి, పంటు చార్జీలకు ఒక గడి ఉంటాయి. నెలాఖరున పంటు గడి కూడినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే అది నేరుగా అల్లినవాళ్ల కూలిలోంచి పోతుంది. ఆ గడి పేరు మారి "టోల్" అయినంత మాత్రాన మాకు ఒరిగేదేమిటి?

వద్దని అర్జీ పెడితే వంతెనే పోతుందేమోనని ఒక భయం. ఒప్పుకుంటే మా పిల్లలు కూడా కడుతూనే ఉంటారేమోనని ఇంకో భయం. టోల్ పెట్టి కట్టిన వంతెనల పక్కన బతికినవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు జరిగింది చెప్పండి.

రోడ్లు_భవనాలు_రిటైర్డ్:

అమ్మా, ముందు టెన్షన్ పడకండి. వంతెన ఎవరు కడుతున్నారు అన్నదాన్ని బట్టి టోల్ నియమాలు మారిపోతాయి. జాతీయ రహదారి కింద కడితే 2008 నాటి ఫీజు నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం స్కూటీకి, ఆటోకి, ట్రాక్టరుకి టోల్ లేదు. కాబట్టి మీకూ, మీ మరిదికీ భయం లేదు. టోల్ ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెల పాస్ ఇస్తారు. 2025–26లో అది 350 రూపాయలు.

కానీ వంతెనల లెక్క వేరు. రోడ్డులో వంతెన భాగం పొడవును పది రెట్లు చేసి టోల్ లెక్కగట్టేవారు. అంటే కిలోమీటరు వంతెన దాటితే పది కిలోమీటర్ల రోడ్డు వాడినట్టు. 2025 జూలైలో దీన్ని సవరించారు. పాత పద్ధతిలో వచ్చే పొడవు, మొత్తం పొడవుకు అయిదు రెట్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది తీసుకుంటారు. వంతెనే ఎక్కువ భాగం ఉన్న చోట దీనివల్ల టోల్ సగం వరకు తగ్గుతుంది.

రాష్ట్రం ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకుని కడితే మాత్రం ఇవేవీ గ్యారంటీ కాదు. ఒప్పందంలో ఏం రాసుకుంటే అదే.

ఒక మాట నిష్ఠూరంగా అనిపించినా చెప్తాను. నా సర్వీసులో శంకుస్థాపన రాయి వేసి, గడ్డి మొలిచిన వంతెనలు చాలా చూశాను. నిధులు లేవని ఫైలు తిరిగొస్తుంది. టోల్ అంటే కనీసం బ్యాంకు అప్పు ఇస్తుంది, పని మొదలవుతుంది. గోదావరిలో బావులు దింపి పునాది వేయడమంటే మాటలు కాదు, డబ్బు నీళ్లలా పోతుంది. అప్పటికప్పుడు ఖజానాలోంచి తీసి ఇచ్చే పరిస్థితి ఏ ప్రభుత్వానికీ లేదు. టోల్ వద్దు అని మాత్రమే అంటే మీ తోడికోడలి కూతురికి కూడా చించినాడే గతి అవుతుంది.

భీమవరం_నుంచి_నోయిడా:

చెల్లెమ్మా, మీ మామయ్యగారు అడిగిన ప్రశ్నే నేను పద్నాలుగేళ్లు నన్ను నేను అడుక్కున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది భీమవరం. 1998లో నోయిడా వచ్చాను. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. మధ్యలో యమున. అప్పట్లో దాటాలంటే మాకు దగ్గరగా రెండే దారులు: పైన నిజాముద్దీన్ వంతెన, కింద కాళిందీ కుంజ్ బ్యారేజీ. ఏ దారిన వెళ్లినా ఉదయం గంటన్నర. 2001లో యమున మీద డీఎన్‌డీ (ఢిల్లీ–నోయిడా డైరెక్ట్) ఫ్లైవే అనే టోల్ వంతెన తెరిచారు. తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు, ఎనిమిది లైన్లు. మొదటి రోజు ఆఫీసుకి ఇరవై అయిదు నిమిషాల్లో చేరి, ఇంకా ఎవరూ రాలేదని వాచ్‌మన్‌తో కూర్చుని టీ తాగాను. ఆ వంతెన వల్ల నా పిల్లలు మెలకువగా ఉండగా ఇంటికి రాగలిగాను. వంతెన చెడ్డదని నేను ఏ రోజూ అనలేదు, ఇప్పుడూ అనను.

టోల్ కట్టాం. మొదట్లో ఎవరికీ బాధ లేదు. కంపెనీ 407 కోట్లు పెట్టి కట్టింది, వసూలు చేసుకోవాలి కదా అనుకున్నాం. ఏడాదికో రెండేళ్లకో రేటు పెరిగేది. చివరికి కారుకు ఒకవైపు 28 రూపాయలు, మోటారు సైకిలుకు 12. అవును, అక్కడ బండ్లకు కూడా టోల్ ఉండేది. పైన రిటైర్డ్ ఇంజనీరుగారు చెప్పిన మినహాయింపు అక్కడ లేదు, ఎందుకంటే అది జాతీయ రహదారి కాదు. కారుకు రోజుకు 56 రూపాయలు, నెలకు పాతిక రోజులు వేసుకుంటే 1,400. మా అబ్బాయి కాలేజీకి బైక్ మీద వెళ్లేవాడు. రోజుకు 24 రూపాయలు మిగులుతాయని కాళిందీ కుంజ్ మీదుగా చుట్టూ తిరిగేవాడు. చలికాలం పొగమంచులో ఆ దారిన వెళ్తుంటే వాళ్లమ్మకు ఫోన్ వచ్చేదాకా ముద్ద దిగేది కాదు.

పదేళ్లు దాటాక ఒక ఆదివారం మా సెక్టార్ సంఘం మీటింగులో ఎవరో ఒప్పందం నకలు తెచ్చారు. నేను అకౌంటెంట్‌నని నా చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి రాత్రి డైనింగ్ టేబుల్ మీద చదివాను. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయాను. ఆ లైను చుట్టూ పెన్సిలుతో గీశాను.

ఆ ఒప్పందం 1997 నవంబర్‌లో జరిగింది. అందులో ఉన్నదేమిటంటే, కంపెనీకి మొత్తం ప్రాజెక్టు వ్యయం మీద ఏడాదికి 20 శాతం రాబడి గ్యారంటీ. ఏ ఏడాదైనా టోల్ ఆదాయం అంత రాకపోతే, తగ్గిన మొత్తం మాఫీ కాదు, ప్రాజెక్టు వ్యయంలో కలుస్తుంది. మరుసటి ఏడాది ఆ పెరిగిన వ్యయం మీద మళ్లీ 20 శాతం. వంతెన 30 ఏళ్లకు తిరిగి ఇచ్చేయాలి, కానీ అప్పటికి రాబడి పూర్తి కాకపోతే గడువు పొడిగించాలి.

కాగితం తీసుకుని లెక్క వేశాను. 407 కోట్ల మీద 20 శాతం అంటే 81 కోట్ల 40 లక్షలు. మొదటి ఏడాది ఖర్చులు పోను టోల్‌లో 20 కోట్లు మిగిలాయి అనుకోండి (ఈ 20 నేను ఉదాహరణకు వేసుకున్న అంకె). తక్కువ పడిన 61 కోట్ల 40 లక్షలు అసలులో కలిశాయి. రెండో ఏడాది అసలు 468 కోట్ల 40 లక్షలు. దాని మీద 20 శాతం 93 కోట్ల 68 లక్షలు. అంటే మనం ఏడాదంతా టోల్ కట్టాక, బాకీ తగ్గలేదు, అరవై కోట్లు పెరిగింది. వరుసగా పదేళ్లకు వేసుకుంటూ పోయాను. బండ్లు ఏటా పెరిగినా సరే, బాకీ ఆగలేదు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని రెండుసార్లు సరిచూసుకున్నాను, కూడికలో తప్పేమో అని.

మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే అది నూటికి నెలకు దాదాపు రూపాయి డెబ్భై పైసల వడ్డీ, పైగా చక్రవడ్డీ. చేపల చెరువు మీద అలాంటి అప్పు చేసి పొలాలు అమ్ముకున్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్లకైనా నోటు మీద సంతకం పెట్టేటప్పుడు వడ్డీ ఎంతో తెలుసు. ఇక్కడ మా తరఫున సంతకం ఎవరో పెట్టారు, మాకు చెప్పనైనా చెప్పలేదు.

మీ మామయ్యగారి ప్రశ్నకు నా జవాబు ఇది. రేవు పాట కాలపరిమితికి పాడతారు. గడువు అయిపోతే మళ్లీ పాట. పాడినవాడికి నష్టం వస్తే ఆ నష్టాన్ని వచ్చే ఏడు మీ చార్జీలో కలిపి, దాని మీద వడ్డీ వేసి, "నా నష్టం తీరేదాకా రేవు నాదే" అనడు. డీఎన్‌డీ ఒప్పందంలో అక్షరాలా అదే ఉంది. తేడా అక్కడుంది.

తర్వాతిది కోర్టుల కథ, త్వరగా చెప్పేస్తాను. నోయిడా నివాసుల సంఘాల సమాఖ్య 2012లో అలహాబాద్ హైకోర్టుకు వెళ్లింది. వంతెన మీద ధర్నాలు కూడా జరిగాయి, నేనూ రెండుసార్లు వెళ్లాను. 2016 అక్టోబర్ 26న హైకోర్టు టోల్ ఆపేయమంది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లింది, స్టే రాలేదు. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. టెండర్ లేకుండా కంపెనీని ఎంచుకోవడాన్నీ, ఆ రాబడి సూత్రాన్నీ తప్పుపట్టింది. పెట్టిన డబ్బు, ఖర్చులు, లాభం అన్నీ వచ్చేశాక ఇంకా జనం దగ్గర వసూలు చేయడానికి వీల్లేదంది.

హైకోర్టు తీర్పు వచ్చిన సాయంత్రం గుర్తుంది. దీపావళికి నాలుగు రోజుల ముందు. ఆఫీసు నుంచి వస్తూ అలవాటుగా టోల్ గేటు దగ్గర కారు ఆపి, అద్దం దించి, కార్డు బయటికి చాచాను. బూత్‌లో అబ్బాయి చెయ్యి ఊపాడు, "జాయియే అంకుల్" అన్నాడు. పదిహేనేళ్లలో ఆ కుర్రాడి ముఖం అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అతని ఉద్యోగం ఏమవుతుందో అనిపించింది. కొంచెం ముందుకెళ్లి కారు పక్కకు ఆపి అబ్బాయికి ఫోన్ చేశాను, ఇక కాళిందీ కుంజ్ వెళ్లక్కర్లేదురా అని.

మొత్తం పదిహేనేళ్లు కట్టాం. ఒప్పందం 1997లోనే ఎవరైనా చదివి ఉంటే ఆ పదిహేనేళ్లు ఉండేవి కావు. అందుకే చెల్లెమ్మా, టోల్ ఎంత అని అడిగే ముందు, టోల్ ఏ తేదీన ఆగుతుంది, లెక్క ఎవరు రాస్తారు, ఆ లెక్క ఊళ్లోవాళ్లు చూడొచ్చా అని అడగండి. శంకుస్థాపనకు ముందే అడగండి.

భివండి_లారీ:

అన్నా, కరీంనగర్ మాది, భివండిలో మగ్గాల బట్ట లారీలకెత్తి పంపుతా. ముంబైలో 55 ఫ్లైఓవర్ల ఖర్చు అని చెప్పి ఊళ్లోకొచ్చే అయిదు దారుల్లో టోల్ గేట్లు పెట్టిన్రు. ములుంద్‌ల రెండు, ఐరోలి, వాశి, దహిసర్ అన్నీ అవే. కార్ల వాళ్లు ఏండ్ల తరబడి లొల్లి చేస్తే 2024 అక్టోబర్‌ల, ఎలక్షన్ల ముంగట, కార్లకు మాఫీ చేసిన్రు. లారీలకు చేయలే. ఆ టోల్ నేను కిరాయిల కలుపుత, సేటు బట్ట ధరల కలుపుతడు. అక్క స్కూటీకి టోల్ లేకున్నా నూలు దారం లారీల్నే వస్తది కదా. అది యాదిల పెట్టుకోండ్రి.

లేసు_దారం:

అన్నయ్యగారూ, మీరు రాసింది మా మామయ్యగారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. "చక్రవడ్డీ వంతెన" అని రేవులో అందరికీ చెప్తున్నారు పొద్దుటి నుంచీ.

భివండి అన్నయ్యా, దారం సంగతి నాకు తట్టనే లేదు. మా దారం అవతల నుంచే వస్తుంది. థాంక్స్.

ఇంకో అనుమానం. వంతెన వస్తే పంటు ఉంచుతారా, తీసేస్తారా? పంటు మీద పనిచేసే సరంగులు, టికెట్లు కోసేవాళ్లు, రేవులో టీ కొట్లు, పూతరేకులు అమ్ముకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల సంగతి ఒకటి. పంటు ఉంటే, టోల్ ఇష్టం లేనివాళ్లు నీళ్ల మీద వెళ్తారు కదా. అప్పుడు టోల్ కూడా అదుపులో ఉంటుందేమో?

ఇన్వర్నెస్_డాక్టర్:

మీరు సరిగ్గా పట్టుకున్నారు. మీ ప్రశ్న చదవగానే నాకు స్కాట్లండ్‌లోని స్కై ద్వీపం గుర్తొచ్చింది. నేను నెల్లూరు నుంచి 2002లో ఇక్కడికొచ్చాను. నెలకోసారి క్లినిక్ కోసం ఇన్వర్నెస్ నుంచి స్కైలో ఉన్న బ్రాడ్‌ఫర్డ్ వెళ్లేవాణ్ణి.

స్కైకి, ఇటు గట్టున ఉన్న కైల్ ఆఫ్ లోకాల్ష్‌కి మధ్య ఇరుకైన సముద్రపు పాయ. మీ రేవులాగే అక్కడా కార్లను ఎక్కించుకునే పడవ తిరిగేది. 1995 అక్టోబర్ 16న ప్రైవేటు పెట్టుబడితో కట్టిన వంతెన తెరిచారు. వంతెన తెరవగానే అక్కడి పడవ ఆపేశారు. ఏడాది పొడవునా కారుతో దాటడానికి దగ్గర్లో ఇంకో దారి లేకుండా పోయింది. టోల్‌ని పడవ చార్జీతో పోల్చి పెట్టారు. "ఇదివరకు పడవకు కట్టేవాళ్లే కదా" అన్నదే అక్కడా వాదన. మీ మామయ్యగారి మాటే.

నేను వెళ్లే రోజుల్లో కారుకు ఒకవైపు 5 పౌండ్ల 70 పెన్నీలు, రానూపోనూ 11 పౌండ్ల 40. ఎక్కువ టికెట్లు పుస్తకంగా కొంటే తగ్గించేవారు, కానీ ఒక్కసారి చేతిలోంచి అంత తీసి పెట్టగలిగినవాళ్లు ఎంతమంది? నా దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చేది, గొర్రెలు కాసుకునే కుటుంబం. ఇన్వర్నెస్‌లో స్కానింగ్‌కి రమ్మని రాసిస్తే, ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకుని, "మా అబ్బాయి ఎలాగూ ఇన్వర్నెస్ వెళ్లే పని పడినప్పుడు వస్తాను డాక్టర్" అనేది. రెండు నెలలు అలాగే గడిచాయి. మూడో నెల ఫోన్ చేసి గట్టిగా చెప్తే వచ్చింది. వంతెన మీద అయిదు నిమిషాలు కూడా పట్టదు. అయినా ఆ గేటు ఆమెకు ఒక గోడలా ఉండేది.

అక్కడి జనం మొదటి రోజు నుంచే ఎదిరించారు. "టోల్‌కు వ్యతిరేకంగా స్కై, కైల్" అనే అర్థం వచ్చే పేరుతో సంఘం పెట్టి, గేటు దగ్గరకు కారులో వెళ్లి "కట్టం" అని నిలబడేవారు. కేసులు డింగ్వాల్ కోర్టులో. ద్వీపం నుంచి కోర్టుకు వెళ్లాలంటే మళ్లీ అదే వంతెన దాటాలి! కట్టకుండా దాటితే ఇంకో కేసు. దాదాపు 500 మంది మీద కేసులు పెట్టారు, దాదాపు 130 మందికి శిక్షలు పడ్డాయి. వాళ్లెవరూ గొడవలు చేసే రకం కాదు. టీచర్లు, రైతులు, హోటళ్లు నడుపుకునేవాళ్లు.

తొమ్మిదేళ్ల తర్వాత, 2004 డిసెంబర్ 21న, స్కాట్లండ్ ప్రభుత్వం దాదాపు 27 మిలియన్ పౌండ్లు ఇచ్చి కంపెనీ దగ్గర వంతెనను కొనేసింది. ఆ రోజే టోల్ ఆగింది. 2008 ఫిబ్రవరిలో ఫోర్త్, టే వంతెనల మీద కూడా టోల్ ఎత్తేశారు. ఇప్పుడు స్కాట్లండ్‌లో టోల్ వంతెన లేదు.

ఇంజనీరుగారి మాట కొట్టిపారేయడం లేదు, వంతెన వచ్చింది టోల్ ఒప్పందం వల్లే. కానీ చివరికి జనం తొమ్మిదేళ్లు టోల్ కట్టాక, ప్రభుత్వం పన్నుల డబ్బుతో మళ్లీ కొనాల్సి వచ్చింది. రెండుసార్లు కట్టినట్టయింది. మీరు ఏ అర్జీ పెట్టినా అందులో పంటు గురించి ఒక మాట తప్పకుండా రాయండి. వంతెన వచ్చాక కూడా రేవు మూయకూడదు అని.

రోడ్లు_భవనాలు_రిటైర్డ్:

డాక్టరుగారూ, నోయిడాగారూ, మీ ఇద్దరిదీ చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. టోల్ ఉంటేనే పని మొదలవుతుందన్నది ఇప్పటికీ అంటాను. కానీ ఒప్పందంలో రాబడి గ్యారంటీ ఇచ్చే పద్ధతి ఇంజనీర్ల దాకా రాదు, అది ఆర్థిక శాఖలోనూ న్యాయ సలహాదారుల దగ్గరా తేలుతుంది. మేము పిల్లర్ల డ్రాయింగులు చూస్తాం, ఆ పేజీలు చూడం. చూడాల్సింది అని ఇప్పుడనిపిస్తోంది.

అమ్మా, ఒక ఉపయోగపడే విషయం. వంతెనకు డీపీఆర్ అంటే సవివర నివేదిక తయారవుతుంది. అందులో రోజుకు ఎన్ని బండ్లు తిరుగుతాయో లెక్కపెట్టి రాస్తారు, టోల్ అంచనా అంతా ఆ అంకె మీదే. మీ రేవులో పంటు ఎక్కే బండ్లను ఒక వారం రోజులు మీరే లెక్కపెట్టి పెట్టుకోండి. స్కూటర్లు వేరు, ఆటోలు వేరు, లారీలు వేరు. తీర్థం రోజులు కలపకండి, మామూలు రోజులే. రేపు నివేదికలో అంకె ఎక్కువ వేసి, తర్వాత "అన్ని బండ్లు రాలేదు, నష్టం వచ్చింది" అంటే మీ దగ్గర కాగితం ఉంటుంది. సమాచార హక్కు కింద ఆ నివేదిక అడగవచ్చు.

లేసు_దారం:

నిన్నటి నుంచి లెక్క మొదలుపెట్టాం. మా మరిది, టీ కొట్టు బాబాయ్, నేను మార్చి మార్చి కూర్చుంటున్నాం. లేసు అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టడం అలవాటే కాబట్టి మా ఆడవాళ్లు ఇద్దరు కూడా వచ్చి కూర్చున్నారు. ఒళ్లో దారం, పక్కన నోటు పుస్తకం. అల్లుతూనే గీతలు గీస్తున్నారు, అయిదు గీతలకు ఒక అడ్డగీత.

అర్జీ ఇలా రాశాం, తప్పులుంటే దిద్దండి:

"వశిష్ఠ గోదావరి మీద వంతెన మాకు కావాలి. టోల్ పెట్టక తప్పదంటే, వంతెన ఖర్చు వసూలయ్యే వరకు మాత్రమే పెట్టాలి. స్కూటర్లకు, ఆటోలకు, ఆసుపత్రికి వెళ్లే బండ్లకు ఉండకూడదు. కంపెనీతో చేసుకునే ఒప్పందం సంతకానికి ముందే తెలుగులో మా పంచాయతీ ఆఫీసుల్లో పెట్టాలి. ఏటా ఎంత వసూలైందో, ఎంత బాకీ ఉందో గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. వంతెన వచ్చాక రేవు మూయకూడదు."

భీమవరం_నుంచి_నోయిడా:

చాలా బాగుంది చెల్లెమ్మా. బోర్డు ఆలోచన మా పదిహేనేళ్లలో మాకెవరికీ రాలేదు.

ఒక్క చోట మార్చండి. "ఖర్చు వసూలయ్యే వరకు" అని రాయొద్దు. నేను పెన్సిలుతో చుట్టూ గీసిన లైనులో ఉన్న మాట అదే. ఆ ఖర్చు ఏటా పెరిగేలా వాళ్లు రాసుకోగలరు. దాని బదులు తేదీ అడగండి, ఫలానా సంవత్సరం ఫలానా నెల వరకు, వసూలైనా కాకపోయినా, అని.

లేసు_దారం:

మార్చాను అన్నయ్యగారూ. తేదీ కోసం ఖాళీ వదిలి కింద గీత గీశాను. ఎన్నేళ్లు రాయాలో రేపు సాయంత్రం రేవులో కూర్చుని తేల్చుకుంటాం. లారీలవాళ్లు కూడా వస్తామన్నారు.